చీకటికి ఇరవై మార్కులు

ఆ కాగితం నాకు ఇప్పటికీ గడి గడిగా గుర్తుంది.

సైక్లోస్టైల్ చేసిన ఫుల్‌స్కేప్ కాగితం. పైన ‘సువార్త సేవ: ఆచరణ శిక్షణ పరిశీలన పత్రం’ అని ఉండేది. కింద అభ్యర్థి పేరు, ఊరు, ఆ కింద గడులు. పాటకు పది మార్కులు, ప్రార్థనకు పది, ఇల్లిల్లూ తిరిగి మాట్లాడినందుకు పది. చివరి గడి సాక్ష్యం. దానికి నలభై. సాక్ష్యమంటే సువార్త చెప్పబోయే మనిషి నలుగురి ముందు నిలబడి తన బతుకు తానే చెప్పుకోవడం. ఆ నలభైని మూడు ముక్కలు చేశారు. ప్రభువును తెలుసుకోకముందు బతికిన బతుకు చీకటి, దానికి ఇరవై. తెలుసుకున్న ఘడియ వెలుగు, దానికి పది. సేవకు రమ్మన్న పిలుపు, దానికి పది. చీకటిలో పదికి తగ్గితే మిగతావి ఎన్ని వచ్చినా తప్పినట్టే.

చీకటికే ఇరవై ఎందుకని ఒకసారి జగన్‌మోహన్ అయ్యగారిని అడిగాను. ఆయన శిక్షణ పాఠశాల తరఫున హైదరాబాద్ నుంచి వచ్చే పరీక్షాధికారి. అప్పుడే మా చర్చిలో భోజనం ముగించి కూర్చున్నారు.

“జనం నిలబడేది అక్కడే సార్,” అన్నారు, పళ్ళ సందున ఇరుక్కున్న మాంసం పీచును గోటితో లాగుతూ. “వెలుగు మొదలైందంటే సంచి తీసుకుని బస్సుకు పోతారు.”

లాగిన పీచును ఒకసారి చూసుకుని మళ్ళీ నోట్లో వేసుకున్నారు.

నేను జహీరాబాద్ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. ప్రతి చలికాలం ఆ హైదరాబాద్ పాఠశాల నుంచి నలుగురైదుగురు శిక్షణకు మా ఊరు వచ్చేవారు. చర్చి వెనక గదుల్లో మూడు నెలలుండి, పొద్దున్నే మొగుడంపల్లి, కోహీర్, చిరాగ్‌పల్లి వైపు ఊళ్ళకు వెళ్ళి, సాయంత్రం తిరిగొచ్చి ఏం చేశారో నాకు చెప్పాలి. వాళ్ళ తప్పులు సరిచేసి, స్థానిక పర్యవేక్షకుడిగా పత్రం మీద సంతకం పెట్టడం నా పని. నాకు రాయడం వచ్చు కనుక వాళ్ళ సాక్ష్యాలు కూడా నేనే దిద్దేవాణ్ణి. పైకి దిద్దడం అనే అనుకునేవాళ్ళం.

ఒక ఏడు బీదర్ వైపు నుంచి ఒకతను వచ్చాడు. కల్లు కూడా ముట్టని మనిషి. అతనికి చీకటిలో ఆరుకు మించి రావని తేలిపోయింది. సరేనని నేను కాగితం మీద అతని చేత సారా తాగించాను. తాగిన మైకంలో కన్నతల్లిని తన్నించాను. అతను అంగట్లో నిలబడి ఆ తన్నులు చెప్పి ఏడిస్తే పద్దెనిమిది మార్కులు వచ్చాయి. వినడానికి వచ్చిన కాబోయే మామ మర్నాడే సంబంధం వద్దని కబురు పంపాడు. ఆ సంగతి విని జగన్‌మోహన్ అయ్యగారు పడీ పడీ నవ్వారు. ఆయనతో పాటు నేనూ నవ్వాను. అప్పటికి నా భార్య మనోరమ బతికే ఉంది. ఆమె నా కంచంలో అన్నం పెడుతూ, “ఆ పిలగాడు తాగలేదని ఇప్పుడు ఎవరు చెప్తరు?” అని మాత్రం అడిగింది. తర్వాత ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. ఎత్తితే బాగుండేదేమో.

రత్నమ్మ వచ్చింది 1979 చలికాలంలో. అప్పటికి మనోరమ పోయి నాలుగేళ్ళు.

రత్నమ్మది మొగుడంపల్లి. ముప్పై ఏళ్ళుంటాయి. భర్త లారీ క్లీనరు. చిరాగ్‌పల్లి దాటాక బొంబాయి రోడ్డు మీద లారీ బోల్తాపడి పోయాడు. పిల్లలు లేరు. అత్త నర్సమ్మ, తను, ఇద్దరే. ఏడో తరగతి దాకా చదివింది. చెరుకు నరికే కూలీకి పోయేది. ఒకసారి జ్వరంతో దవాఖానలో పడుకున్నప్పుడు అక్కడి నర్సు పక్కన కూర్చుని రోజూ ప్రార్థన చేసేదట. ఆ నర్సు ప్రార్థన చేసేది తన ఒక్కదాని కోసం కాదని, వార్డులో ఎవరి మంచం దగ్గరైనా అలాగే కూర్చుంటుందని గమనించి, ఆ దేవుడెవరో తెలుసుకోవాలనిపించిందట. ఆమె విశ్వాసానికి మొదలు అదే. నేను విన్నవాటిలో అంత శుభ్రమైన మొదలు ఇంకొకటి లేదు.

రెండేళ్ళ కిందట చెరుకు కత్తి జారి ఆమె ఎడమ మణికట్టు కోసుకుపోయింది. గాయం మానింది గాని, ఆ చేతి రెండు వేళ్ళు ముడుచుకోవు. చెరుకు గెడ పట్టుకోవాల్సింది ఆ చేత్తోనే. ఇక రావద్దని మేస్త్రీ చెప్పేశాడు. ఈ చలికాలమే కోహీర్‌లో బైబిలమ్మ ఉద్యోగం ఖాళీ అయింది. ఇంటింటికీ పోయి ఆడవాళ్ళకు వాక్యం చెప్పే పని. దాంతో పాటు ప్రార్థన మందిరం వెనక ఒక పెంకుటి గది, పది అడుగుల్లో నీళ్ళ నల్లా. రత్నమ్మ ఈ శిక్షణ ముగించి పాసైతే ఉద్యోగం ఆమెదే. అత్తాకోడళ్ళు ఆ గదిలో ఉండొచ్చు.

పరీక్షకు వారం ముందు జగన్‌మోహన్ అయ్యగారు వచ్చి, చర్చి పక్క గదిలో ఒక్కొక్కరి చేత సాక్ష్యం చెప్పించుకున్నారు. బల్లకు ఒక పక్క ఆయన, ఇంకో పక్క నేను. ఆయన ముందు పళ్ళెంలో జీడిపప్పు.

రత్నమ్మ కొంగు సర్దుకుని నిలబడింది.

“మా ఆయన పోయినంక పదో దినం ఆడోళ్ళొచ్చిన్రు, గాజులు పగులగొడ్తమని. మా అత్త తలుపేసి లోపల్నుంచి గొళ్ళెం పెట్టింది. దాని గాజులు దాని ఇష్టం, మీ చేతులు మీ తాన పెట్టుకోన్రి అని అరిచింది. ఇగో, ఇవి గవే గాజులు.”

జగన్‌మోహన్ అయ్యగారు నమలడం ఆపారు. “బాగుంది. చీకటి ఎప్పుడు మొదలవుతుంది?”

“ఏం చీకటి అయ్యగారూ?”

“మీ అత్త మన విశ్వాసురాలేనా?”

“లేదయ్యా. పోశమ్మకు మొక్కుతది.”

“నిన్ను చర్చికి పోవద్దని కొట్టలేదా?”

“ఎందుకు కొడ్తది? ఆదివారం పొద్దుగాల లేపుతది. నీ దేవుడు ఎదురు చూస్తడు, జల్ది పో అంటది. రొట్టె కట్టిస్తది.”

“రొట్టె కట్టిస్తది!” అయ్యగారు నా వైపు తిరిగారు. “ఏంటి సార్ ఇది? ఉప్పు లేదు, కారం లేదు. ఎవరు తింటారు దీన్ని?”

ఆయనకు అప్పుడే ఆమె మణికట్టు కనిపించింది. “ఇలా తే” అని చేయి పట్టుకుని, సంతలో కూరగాయను తిప్పినట్టు అటూ ఇటూ తిప్పారు. మచ్చ మీద బొటనవేలు పెట్టి నొక్కారు. వేలికి జీడిపప్పు జిడ్డు ఉంది. అది ఆమె చర్మం మీద మెరిసింది.

“ఇదేంటి?”

“చెరుకు కత్తి తగిలింది.”

“కత్తి కాదు. గాజు పెంకు.” ఆయన కళ్ళు చిన్నవయ్యాయి. “మీ అత్త నిన్ను నేల మీద పడేసి రాయితో గాజులు పగులగొట్టింది. పెంకు లోపలికి దిగింది. నరం తెగింది. మొగుణ్ణి మింగినదానా అంది. అదీ చీకటంటే. చివర్న ఈ చేయి పైకెత్తి చూపించు. పద్దెనిమిది మార్కులు నేనిస్తాను.”

రత్నమ్మ చేయి వెనక్కి లాక్కుంది. “అయ్యా, అది అబద్ధం గద.”

“అబద్ధం కాదమ్మా. నీలాంటి వేలమందికి జరిగిందే. వాళ్ళందరి తరఫున నువ్వు చెబుతున్నావు. నీకు చీకటే లేదంటే వెలుగు రాలేదనేగా అర్థం? వెలుగు రానివాళ్ళను సేవకు ఎలా పంపుతాం?” ఇంకో జీడిపప్పు నోట్లో వేసుకున్నారు. “కోహీర్ గది కోసం ఇంకో ఇద్దరు తిరుగుతున్నారు. నీ ఇష్టం.”

ఆమె నా వైపు చూసింది. నేను బల్ల మీది సిరా మరకను చూశాను.

ఆ సాయంత్రమే రాశాను. రెండు పేజీలు. బాగా రాశాను, ఆ సంగతి ఎందుకు దాచాలి? రాయి అంటే నమ్మేలా లేదని రాయి కొట్టేసి పొత్రం అని పెట్టాను, కారం నూరే పొత్రం. కారం అంటుకున్న పొత్రం కనుక గాయం మండిందని ఇంకో వాక్యం కలిపాను. జగన్‌మోహన్ అయ్యగారు చదివి నా భుజం తట్టారు. “పొత్రం! చూశారా, అందుకే మీరు కావాలి సార్.” ఆయన అరచేయి నా చొక్కా మీద చెమట మరక వదిలింది. ఇంటికి పోయి చొక్కా ఉతికాను. పోయింది గాని, పోయినట్టు అనిపించలేదు.

పరీక్ష అంగడి రోజున, బస్టాండు పక్క మైదానంలో. ఆ ఏడు మామూలు పరీక్ష కాదు. పాఠశాలను పోషించే విదేశీ దంపతులు చూడ్డానికి వచ్చారు. ఇద్దరూ తల నెరిసినవాళ్ళే. దొరసాని మెడలో కెమెరా. వాళ్ళకు తెలుగు రాదు. చెప్పేదంతా జగన్‌మోహన్ అయ్యగారు పక్కన కూర్చుని ఇంగ్లీషులో చెప్పాలి. బాగున్న సాక్ష్యాన్ని ఫొటోతో సహా వాళ్ళ దేశంలో అచ్చువేస్తారట. మైకు సెట్టు హఫీజుద్దీన్‌ది. మా ఊళ్ళో పెళ్ళయినా, ఎన్నికల సభయినా, మా సువార్త కూటమయినా అతని రెండు హారన్లే.

మూడు గంటలప్పుడు నేను చర్చి వరండాలో ఉన్నాను. ఒక పొట్టి ముసలామె చేతిలో మూటతో వచ్చి, మెట్టు మీద అరికాళ్ళు రెండూ రుద్ది తుడుచుకుని, పైకెక్కింది.

“సార్ అంటె నువ్వేనా? మా రత్న చెప్పింది. ఎండుకట్టె లెక్కుంటడు, మంచోడు అన్నది.”

నర్సమ్మ. రత్నమ్మ అత్త.

“ఇంత ఎండల ఎందుకొచ్చినవమ్మా?”

“పరీక్ష గద దానికి. ఒక్కతే ఉంటే బుగులు పడ్తది. అదెక్కడ?”

“చదువుకుంటున్నది. నువ్వు నాలుగు గంటల బస్సుకు మర్లిపో. నేను చెప్త దానికి, వచ్చిపోయినవని.”

“ఐదింటికి పరీక్షయితె నాలుగింటికి పోనీకె వచ్చిన్నా? నీకు ఎండదెబ్బ తగిలిందా ఏంది సార్?”

ఏవేవో సాకులు చెప్పాను. ఆడవాళ్ళు కూర్చోవడానికి చోటు లేదన్నాను. విన్లేదు. మూట విప్పుకుని గోడకు చేరగిలబడింది. ఇక వేరే దారి కనిపించక, గోడ వైపు తిరిగి, చీకటి అంటే ఏమిటో, దానికి ఎన్ని మార్కులో, ఈ సాయంత్రం రత్నమ్మ ఆమె గురించి ఏం చెప్పబోతున్నదో అంతా చెప్పేశాను.



“పొత్రంతోనా?” అంది నర్సమ్మ.

“ఆ.”

“మా ఇంట్ల పొత్రమే లేదు సార్. పక్కింటి చెన్నమ్మ తీస్కపోయి మూడేండ్లాయె. ఇయ్యనే ఇయ్యలె.”

మూటను పక్కకు జరిపి మళ్ళీ అడిగింది.

“గిదంత రాసిందెవరు?”

“నేనే.”

ఉమ్ముతుందనుకున్నాను. ఉమ్మితే తుడుచుకోకూడదని కూడా అనుకున్నాను. ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసి, “నన్ను తిడితె దానికి గది ఇస్తరా?” అంది.

“ఇస్తరు.”

“కోహీర్ల? నల్లా పక్కన?”

“ఆ.”

“మరింకేంది, తిట్టమను. దాని చెయ్యి చూసినవా నువ్వు? ఆ చేత్తోని ఇగ చెరుకు కొడ్తదా? నా పేరేమన్న తాసిల్దార్ పేరా, కరాబైతదని ఫికర్ చెయ్యనీకె?” మూటలోంచి ఒక జొన్నరొట్టె తీసి, మీద పచ్చికారం పెట్టి నా చేతికిచ్చింది. “తిను. మొఖం చూడు ఎట్లయిందో. పొద్దటి సంది తినలేదు గద?”

నిజంగానే తినలేదు. నాలుగేళ్ళలో ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. రొట్టె తిన్నాను.  రత్నకు కనపడకుండా వెనక కూర్చోమంటే, “నేనున్న పొడుగుకు ముందు కూసున్నా ఎవరికి కనపడ్త?” అని నవ్వింది.

ఐదింటికి కూటం మొదలైంది. రత్నమ్మ రెండోది. పాట బాగా పాడింది. సాక్ష్యం మొదలుపెట్టగానే నా వాక్యాలు ఆమె నోటినుంచి రావడం విన్నాను. ‘పదవ దినమున బంధువులు చుట్టూ మూగి యుండగా’ అని చిన్నపిల్లలు పద్యం అప్పజెప్పినట్టు చెబుతోంది. అంగడికొచ్చినవాళ్ళు సంచులు దించి నిలబడ్డారు. జగన్‌మోహన్ అయ్యగారు దొరసాని చెవి దగ్గర వంగి ఇంగ్లీషులో చెబుతున్నారు. అప్పటికే ఆయన నా కథకంటే రెండు అడుగులు ముందున్నారు.

రత్నమ్మ ఎడమ చేయి పైకెత్తింది. “ఈ మచ్చ చూడండి. ఇది...”

సరిగ్గా అప్పుడు, ముందున్న మనుషులు అడ్డమై కనిపించక, నర్సమ్మ లేచి అక్కడున్న రాయి ఎక్కింది. రత్నమ్మ ఆమెను చూసింది.

నోరు ఆగిపోయింది. ఎత్తిన చేయి ఎత్తినట్టే ఉంది. మైకు చెడిందనుకుని హఫీజుద్దీన్ పరిగెత్తుకొచ్చి దాన్ని రెండుసార్లు తట్టి, “హలో, హలో” అని వెళ్ళాడు.

“చెప్పమ్మా,” జగన్‌మోహన్ అయ్యగారు తియ్యగా అన్నారు. “ఎవరు చేశారు?”

“మా అత్త...” అంది రత్నమ్మ. మళ్ళీ అంది. “మా అత్త...”

“నేనే!” వెనకనుంచి కేక. “నేనే పగులగొట్టిన! చెప్పు పిల్లా, నోరు పడ్డదా? చెప్పు!”

జనం గొల్లున నవ్వి, మళ్ళీ చప్పున ఆగిపోయారు. నర్సమ్మ మనుషులను తోసుకుంటూ ముందుకొచ్చింది. “పొత్రంతోని కొట్టిన. గొడ్డును బాదినట్టు బాదిన. తిండి పెట్టలె. నీళ్ళు గూడ పొయ్యలె. ఎండల నిలబెట్టిన.” ఆమె ఊపిరి తీసుకుని నా వైపు చూసింది. ఇది చాలా, ఇంకా చెప్పాలా అని అడిగినట్టుగా ఉంది ఆ చూపు.

“థూ! నువ్వేం అత్తవే!” గుంపులోంచి ఒక ఆడమనిషి ఉమ్మింది. ఆ ఉమ్మి నర్సమ్మ పాదం పక్కన పడింది. నర్సమ్మ కాలు కొంచెం పక్కకు జరిపి మళ్ళీ నిటారుగా నిలబడింది.

జగన్‌మోహన్ అయ్యగారి ముఖం చూడాలి ఆ క్షణాన. విస్తట్లో అడగకుండానే ఇంకో ముక్క పడ్డప్పటి ముఖం. చేతులు చాచి వచ్చి నర్సమ్మ నెత్తి మీద అరచేయి పెట్టి కిందికి నొక్కారు. ఆమె అర్థం కాక నిలబడే ఉంది. ఇంకా నొక్కారు. ముసలి మోకాళ్ళు కంకర మీద పడ్డాయి. ఆయన కళ్ళు మూసుకుని ఒక వాక్యం తెలుగులో, ఒక వాక్యం ఇంగ్లీషులో ప్రార్థన చేశారు. ఈ క్రూరమైన స్త్రీ హృదయాన్ని దేవుడు ఇప్పుడే, మీ కళ్ళముందే విరిచాడన్నారు. దొరసాని కన్నీళ్ళు తుడుచుకుని కెమెరా మూత తీసింది. ఆయన ఒక కన్ను తెరిచి చూసి, “ఆ మచ్చున్న చేయి పట్టుకో ముసలమ్మా, రెండు చేతులూ ఫొటోలో పడాలి” అన్నారు, గొంతు తగ్గించి.

 

“అయ్యా, చెయ్యి తీయ్,” అంది రత్నమ్మ.

ఆయన వినిపించుకోలేదు. ఆమె ఒంగి, పిండిలో పడ్డ పురుగును తీసినట్టు, ఆయన చేతిని రెండు వేళ్ళతో పట్టి అత్త నెత్తి మీది నుంచి తీసేసింది. మైకు దగ్గరికి వెళ్ళింది. ఇప్పుడు నా వాక్యాలు లేవు.

“మా అత్త నన్ను ఎన్నడు కొట్టలె. ఇది చెరుకు కత్తి మచ్చ. నా గాజులు పగులగొట్టనీకె వచ్చినోళ్ళను ఎళ్ళగొట్టింది మా అత్త. నాకు నౌకరి రావాలని ఇప్పుడు మీ ముంగట అబద్ధం చెప్పింది. మీరు ఉమ్మిన్రు. నేను దవాఖానల దేవుణ్ణి తెలుసుకున్న. అంతకుముందు నాకు చీకటి లేదు. మా అత్త ఉండె.”

జగన్‌మోహన్ అయ్యగారు మైకు ఆపమని హఫీజుద్దీన్‌కు చేయి ఊపారు. హఫీజుద్దీన్ ఆయన్ను చూశాడు. చూసి, కిందపడ్డ వైరేదో వెతుకుతున్నట్టు యాంప్లిఫయర్ పెట్టె వెనక్కి వంగాడు. ఆమె మాట్లాడినంతసేపూ వంగే ఉన్నాడు. హారన్లు రెండూ ఆ మాటలను బస్టాండు దాకా మోసుకెళ్ళాయి. తర్వాత ఎప్పుడో అడిగితే, “వైరు మస్తు లూజుండె సార్” అన్నాడు.

“ఏమంటోంది?” అని దొరసాని అడిగింది.

“తన అత్తను క్షమిస్తున్నానంటోంది,” అన్నారు జగన్‌మోహన్ అయ్యగారు ఇంగ్లీషులో. ఒక్క క్షణం కూడా తడబడలేదు.

అంత నున్నటి అబద్ధాన్ని నేను అంతకుముందు వినలేదని చెప్పలేను. ఎన్నో ఏళ్ళుగా వాటికి నునుపు పెట్టింది నేనే. నా కుర్చీలోంచి లేచి దొరసాని దగ్గరికి వెళ్ళి ఇంగ్లీషులో చెప్పాను. “ఆమె ఆ మాట అనలేదు. ఆ ముసలామె కోడలిని ఎప్పుడూ కొట్టలేదు. మీరు విన్న కథ రాసింది నేను.”

దొర తన భార్యను చూశాడు, తర్వాత గడియారం చూసుకున్నాడు. ఆమె కెమెరా మూత పెట్టేసింది.  లేచి వెళ్ళి, ఇంకా కంకర మీదే ఉన్న నర్సమ్మను భుజాలు పట్టి లేపి, తన చేతిరుమాలుతో ఆమె మోకాళ్ళ దగ్గర చీరకు అంటిన కంకర పొడి దులిపింది. అది మాత్రం నాకు గుర్తుంది.

చర్చి పక్క గదిలో జగన్‌మోహన్ అయ్యగారు పత్రం నింపారు. పాట తొమ్మిది. ప్రార్థన ఎనిమిది. చీకటి సున్న. ఆ సున్నను రెండుసార్లు దిద్ది లావు చేశారు.

“సంతకం పెట్టండి.”

“పెట్టను.”

“ఎవరికి మేలు చేశారు సార్ మీరు?” ఆయన అరవలేదు. “నేను ఆమెకు గది ఇచ్చేవాణ్ణి. ముసలామె తెలివైంది, అర్థం చేసుకుంది. మీరూ ఆ కోడలూ కలిసి చెడగొట్టారు. రేపు ఆ ఇద్దరికీ కూడు మీరు పెడతారా?”

 ఆ మనిషి మీద ఎంత రోత పుట్టినా ఆ ప్రశ్న మాత్రం తప్పు ప్రశ్న కాదు. నేను పత్రం తీసుకుని, సంతకం ఉండాల్సిన చోట, ‘పై చీకటి నేను రాసినది. అభ్యర్థిది కాదు’ అని రాసి ఇచ్చాను. ఆయన చదివి, మడిచి, సంచిలో పెట్టుకున్నారు. సంతకం లేకపోయినా సున్న సున్నే అన్నారు. కోహీర్ గది ఇంకొకరికి ఇచ్చినట్టు నెల తిరక్కముందే తెలిసింది. పర్యవేక్షకుడిగా నా అవసరం ఇక లేదని పాఠశాల నుంచి నాకు ఉత్తరం వచ్చింది.

ఆ రోజు మాత్రం నేను బస్టాండుకు పరిగెత్తాను. మొగుడంపల్లి బస్సు కదలబోతోంది. అత్తాకోడళ్ళు లోపల కూర్చున్నారు. కిటికీ దగ్గర నిలబడి, సున్న వేశారని, గది రాదని చెప్పాను.

రత్నమ్మ తల ఊపింది. ఆమెకు ముందే తెలుసు. నర్సమ్మకు తెలియదు. దొరసాని తనను లేపి కంకర దులపడం చూసి, అంతా సర్దుకుందనుకున్నట్టుంది. ఒక్క నిమిషం కళ్ళార్పకుండా నన్ను చూసి, కోడలి వైపు తిరిగింది.

“నీ నోట్ల మన్ను పొయ్య! నేను అంత మంది ముంగట పొత్రం అని, బాదిన అని నెత్తి నోరు కొట్టుకుంటి గద! నిన్నెవరు చెప్పమన్నరే నిజం? ఉమ్మితె నా మీద ఉమ్మిరి, నీ మీదనా? నల్లా పక్కన గది! నల్లా పక్కన!”

ముందు సీటులో రుమాలు కట్టుకున్నాయన వెనక్కి తిరిగాడు. “ఎందుకమ్మా, పాపం కోడల్ని గట్ల తిడ్తవు?”

“నా కోడలు, నేను తిడ్త. నీకేంది నడ్మ?”

రత్నమ్మ ఏడుస్తోంది. ఏడుపు మధ్యలోనే ఆమెకు నవ్వొచ్చింది. “ఊకో అత్తా. చెరుకు కాకుంటె అల్లం ఏరుత. దానికి ఒక్క చెయ్యి చాలు.”

“అల్లం ఎన్ని దినాలుంటదే? రెండు నెలలు. ఆ మీదికి ఏం ఏరుతవు, గాలి ఏరుతవా?”

రత్నమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. బస్సు స్టార్టయి, డీజిల్ పొగ నా ముఖం మీదికి కొట్టింది. పొగలోంచి నర్సమ్మ గొంతు ఇంకా వినిపిస్తూనే ఉంది.

“ఇగ ఏడ్సింది చాలు. జరుగు, కిటికీ పక్కకు జరుగు. బస్సెక్కితె వాంతి చేస్కుంటవు, నాకెరుక లేదా.”